మీ అరికాలు మీకు కనిపిస్తుందా?

మా షుగరు క్లినిక్కుకు ఒక బుధవారం నాడు యాభై ఐదేళ్ల రైతు ఒకరు వచ్చారు. (ఆయనను ఎవరూ గుర్తు పట్టకుండా కొన్ని వివరాలు మార్చాము.) పదేళ్లుగా షుగరు ఉంది. ఆయన వచ్చింది కాలు చూపించుకోవడానికి కాదు, చలిజ్వరం మూడు రోజులైనా తగ్గలేదని. మా పద్ధతి ప్రకారం చెప్పులు విప్పమన్నాము. కుడి అరికాల్లో, బొటనవేలి కింద, తుమ్మముల్లు విరిగి లోపలే ఉండిపోయింది. చుట్టూ చీము పట్టింది. ముల్లు ఏ రోజు దిగిందో ఆయనకు తెలియదు.

"నొప్పి లేదాండీ?" అని అడిగాము.

"లేదమ్మా. నేను చిన్నప్పటి నుంచీ ఓర్చుకునే మనిషిని. ముల్లు గుచ్చుకుందని కూర్చునే రకం కాదు" అన్నారు. ఆ మాట కొంచెం గర్వంగానే అన్నారు.

ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. ఆయన ఓర్పు నిజమైనదే. ఎండలో, వానలో, అప్పుల్లో ఆ ఓర్పుతోనే సంసారం ఈదుకొచ్చారు. కానీ ఈసారి నొప్పి తెలియకపోవడానికి కారణం ఓర్పు కాదు. షుగరు వల్ల కాళ్ల నరాలు దెబ్బతిని స్పర్శ పోయింది. తన బలం అనుకుంటున్న చోటనే, తనకు తెలియకుండా, ఒక పెద్ద బలహీనత వచ్చి కూర్చుంది. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి గనుక ఆయన పోల్చుకోలేకపోయారు. రెండు వేళ్లు తీసివేయవలసి వచ్చింది. కాలు దక్కింది.

మన బలాలేమిటి, బలహీనతలేమిటి అనే విషయం మీద ఈ నెల రాద్దామని కూర్చున్నప్పుడు మాకు ముందుగా గుర్తుకొచ్చింది ఆ కాలే. ఈ విషయం మీద పుస్తకాలు చాలా ఉన్నాయి. చాలా వాటిలో కాగితం మీద రెండు గళ్లు గీసి, ఒక వైపు బలాలు, ఇంకొక వైపు బలహీనతలు రాసుకోమంటారు. రాసుకోవచ్చు, తప్పు లేదు. ఆ రైతు కూడా రాసి ఉంటే మొదటి గడిలో "ఓర్పు" అని రాసుకునేవారు.

నొప్పి చెప్పే సంగతి

నొప్పి గురించి మాట్లాడేటప్పుడు డాక్టర్ పాల్ బ్రాండ్ పేరు చెప్పకుండా ఉండలేము. 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టిన ఈ సర్జన్, 1946 నుంచి వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేశారు. కుష్ఠు రోగులకు వేళ్లు కుళ్లి రాలిపోతాయని ఆ రోజుల్లో అందరూ నమ్మేవారు. రోగులను దగ్గరగా గమనించి ఆయన చెప్పింది వేరు. వ్యాధి నరాలను దెబ్బతీసి స్పర్శ పోగొడుతుంది. స్పర్శ లేని చెయ్యి వేడి గిన్నెను పట్టుకుంటుంది, స్పర్శ లేని కాలు మేకు మీద నడిచిపోతుంది. గాయాల మీద గాయాలు పడి వేళ్లు పోతాయి. షుగరు వల్ల స్పర్శ పోయిన పాదానికి జరిగేదీ ఇంచుమించు ఇదే. నొప్పి మనకు శత్రువు కాదు, కబురు తెచ్చే మనిషి అని ఆయన జీవితమంతా చెబుతూ వచ్చారు.

మన దేశంలో షుగరు ఉన్నవారు పది కోట్లకు పైగా ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన పెద్ద సర్వే 2023లో లెక్క చెప్పింది. కాబట్టి ఈ పాదం సంగతి మన పాఠకుల్లో చాలా ఇళ్లకు సంబంధించినదే. పాదంలో స్పర్శ ఉందో లేదో చూసే పరీక్ష చాలా తేలిక. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగు ఒకటి ఉంటుంది. మిమ్మల్ని కళ్లు మూసుకోమని, దానితో అరికాల్లో నాలుగైదు చోట్ల తాకి, తెలిసినప్పుడు చెప్పమంటాము. నిమిషం పట్టదు. "నాకు స్పర్శ బాగానే ఉంది" అని గట్టిగా చెప్పినవారే కొందరు కళ్లు మూసుకున్నాక ఏమీ చెప్పక ఊరికే కూర్చుంటారు. పోగు ఎప్పుడో తాకింది. వాళ్లు ఇంకా తాకలేదేమో అని ఎదురు చూస్తుంటారు. ఆ సమయంలో వాళ్ల పక్కన నిలబడిన భార్యో కొడుకో ముఖం చూడాలి.

మన గురించి మనకు తెలియనిది ఉందని తెలియడం అంటే అదీ.

నాలుగు అద్దాల కిటికీ

1955లో జోసెఫ్ లఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక బొమ్మ గీశారు. ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి దానికి జోహారీ కిటికీ అని పేరు పెట్టారు. మా నర్సింగు విద్యార్థినులకు ఇది పాఠంలో చెబుతాము. కిటికీకి నాలుగు అద్దాలు. ఒకటి, మనకూ తెలిసి ఇతరులకూ తెలిసినది. రెండు, మనకు మాత్రమే తెలిసి మనం దాచుకున్నది. మూడు, ఎవరికీ తెలియనిది. నాలుగవది మనకు తెలియదు గాని చుట్టూ ఉన్నవారందరికీ తెలుసు. మన అరికాలు లాంటిది. కూర్చుని వంగి చూసుకున్నా సరిగ్గా కనబడదు. ఎదురుగా ఉన్నవారికి ఇట్టే కనబడుతుంది.

ఈ నాలుగో అద్దంలో లోపాలే ఉంటాయని అనుకోకండి. బలాలు కూడా అక్కడే దాగి ఉంటాయి. మాకు బాగా తెలిసిన ఒక అమ్మగారి సంగతి చెబుతాము.

ఆమెకు చదువు రాదు. భర్తకు రోజూ రెండు పూటలా ఇన్సులిన్ సూది ఆమే వేస్తారు. ఎప్పుడు మాట్లాడినా "నాకేం తెలుసమ్మా, చదువులేని దాన్ని" అంటారు. ఒకసారి పట్నం నుంచి వచ్చిన కొడుకు సిరంజీల పెట్టె కొని తెచ్చాడు. ఆమె సూది వేయలేదు. సిరంజీ పట్టుకుని, ఉదయం మొదటి బస్సుకు మా దగ్గరకు వచ్చేశారు. "ఎప్పుడూ ఎర్ర మూత ఉంటదమ్మా. ఇది నారింజ మూత. అబ్బాయేమో రెండూ ఒకటే అంటున్నాడు."

రెండూ ఒకటి కావు. ఎర్ర మూత సిరంజీ, ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే ఇన్సులిన్ కోసం. నారింజ మూతది 100 యూనిట్ల ఇన్సులిన్ కోసం. ఆమె ఇంట్లో ఉన్నది 40 యూనిట్ల సీసా. నారింజ మూత సిరంజీలో 20 గీత వరకు లాగితే వెళ్లేది 8 యూనిట్లు మాత్రమే. భర్తకు షుగరు రోజురోజుకూ పెరిగిపోయేది, ఎందుకో ఎవరికీ అర్థమయ్యేది కాదు. దీనికి తిరగబడి జరిగితే ఇంకా ప్రమాదం. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజీలో 20 గీత వరకు లాగితే 50 యూనిట్లు వెళ్లిపోతాయి. షుగరు పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు, ప్రాణానికే రావచ్చు. (మీ ఇంట్లో ఇన్సులిన్ వాడుతుంటే ఇప్పుడే లేచి సీసా మీద అంకె, సిరంజీ మీద అంకె ఒకటేనా చూడండి. ఈ వ్యాసం మిగతాది తరువాత చదవవచ్చు.)

చదువు రాదు గనుక ఆమె సీసా మీద అక్షరాలు చదవలేరు. అందుకే రంగును, గీతను, మూత ఆకారాన్ని చాలా జాగ్రత్తగా గుర్తు పెట్టుకుంటారు. కొడుకుకు చదువు ఉంది గనుక చూసీ చూడనట్టు చూశాడు. ఆమెలో ఉన్న ఈ గొప్ప గుణం మా అందరికీ తెలుసు, ఆమెకు తప్ప. మేము ఆ సంగతి ఆమెతో చెబితే నవ్వేసి, "అదీ ఒక గొప్పేనా" అన్నారు. తనకు తేలికగా వచ్చే పని ఎవరికీ గొప్పగా అనిపించదు. అందువల్లనే చాలామంది తమ బలాల జాబితాలో అసలు బలాన్ని రాయడం మరచిపోతారు.

ఇంటర్వ్యూలో చెప్పే బలహీనత

నర్సింగు కోర్సులో చేర్చుకునేటప్పుడు మేము కూడా అందరిలాగే "మీ బలహీనత ఏమిటి?" అని అడుగుతాము. ఎన్నో ఏళ్లుగా వస్తున్న జవాబు ఒకటే: "నేను మరీ ఎక్కువ కష్టపడతాను సార్." ఎవరు నేర్పారో గాని బాగా నేర్పారు. ఈ మధ్య ఆ ప్రశ్న మానేసి, "మీరు పొరపాటు చేసిన ఒక సందర్భం చెప్పండి, ఆ తరువాత ఏం మార్చుకున్నారు?" అని అడుగుతున్నాము. ఇప్పుడు కాస్త నిజాలు వస్తున్నాయి.

1999లో డేవిడ్ డన్నింగ్, జస్టిన్ క్రూగర్ అనే ఇద్దరు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు తర్కం, వ్యాకరణం వంటి పరీక్షలు పెట్టి, మీరు ఎంత బాగా రాశారో మీరే అంచనా వేయండి అన్నారు. అందరికన్నా వెనుకబడినవారు నిజానికి నూరు మందిలో కింద నుంచి 12వ స్థానంలో ఉన్నారు. వాళ్లు మాత్రం 62వ స్థానంలో ఉన్నామనుకున్నారు. బాగా రాసినవారు తమ స్థానాన్ని కొంచెం తక్కువగా అంచనా వేసుకున్నారు. ఇంత తేడాకు లెక్కకట్టిన తీరు కూడా కొంత కారణమని తరువాత కొందరు వాదించారు, అది వేరే సంగతి. మా వార్డులో మేము చూసేదానికి మాత్రం ఇది దగ్గరగానే ఉంది. ఇన్సులిన్ యూనిట్లు లాగిన తరువాత "అక్కా, ఒకసారి చూడండి" అని సీనియరుకు చూపించే అమ్మాయి చేతిలో పొరపాట్లు తక్కువ. ఎవరికీ చూపించనవసరం లేదనుకునే అమ్మాయి గురించే మాకు దిగులు.

అమ్మాయిల సంగతి చెప్పి మా సంగతి దాచుకోవడం న్యాయం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ల కోసం ఒక చెక్‌లిస్టు విడుదల చేసింది. 19 ప్రశ్నలు. మత్తు ఇచ్చే ముందు కొన్ని, కోత పెట్టే ముందు కొన్ని, రోగి థియేటరు వదిలే ముందు కొన్ని. రోగి పేరు ఇదేనా, ఆపరేషను ఏ వైపు, ఏ మందు పడదు, గాజుగుడ్డలు లెక్క సరిపోయాయా, ఇలాంటివి. అందరూ గట్టిగా చదివి జవాబు చెప్పాలి. ఇది మా థియేటరుకు వచ్చిన కొత్తలో పెద్దవారికి చిన్నతనంగా అనిపించింది. "ముప్పై ఏళ్లుగా చేస్తున్నాము, ఎడమ కాలేదో కుడి కాలేదో మాకు తెలియదా?" అన్నారు. తెలుసు. తొంభై తొమ్మిది సార్లు తెలుసు. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఎనిమిది ఆసుపత్రుల్లో ఈ పద్ధతిని పరీక్షించి 2009 జనవరిలో ఫలితాలు ప్రచురించారు. ఆపరేషను తరువాత మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి, తీవ్రమైన చిక్కులు 11 నుంచి 7కి తగ్గాయి.

అక్కడ ఎవరి జ్ఞాపకశక్తినీ పెంచలేదు. జ్ఞాపకం ఎక్కడ జారుతుందో ఆ చోట ఒక కాగితం పెట్టారు, అంతే. బలహీనతను జయించాలి, పోరాడాలి అని తరచుగా వింటాము. మా అనుభవంలో చాలా బలహీనతలకు పోరాటం కన్నా ఏర్పాటు ఎక్కువ పనిచేస్తుంది.

మొహమాటం అనే జబ్బు

మన తెలుగువారికి ప్రత్యేకంగా ఉన్న ఒక గుణం గురించి చెప్పాలి. దాని పేరు మొహమాటం. షుగరు ఉన్న మనిషి ఇంట్లో మూడు వారాలు చక్కగా పథ్యం ఉంటారు. నాలుగో వారం పెళ్లికి వెళతారు. బంతిలో కూర్చున్నాక వియ్యంకుడు స్వయంగా వచ్చి, "ఒక్క బూరె, నా మాట కాదనకండి బావగారూ" అంటారు. ఎలా కాదంటారు? బూరె తింటారు. ఒకటి తిన్నాక ఇక ఎలాగూ తిన్నామని రెండోది. మర్నాడు మా దగ్గరకు వచ్చి "నాకు మనోబలం లేదండీ" అంటారు.

ఇది మనోబలం లేకపోవడం కాదని మా అభిప్రాయం. మూడు వారాలు పథ్యం చేసిన మనిషికి మనోబలం లేదని ఎలా అనగలం? ఎదుటివారి మనసు నొప్పించలేకపోవడం ఆయన స్వభావం. ఆ స్వభావం వల్లనే ఊళ్లో ఆయనను పది మంది పెద్దమనిషిగా చూస్తారు. బలం, బలహీనత రెండూ ఒకే వేరు నుంచి వచ్చినప్పుడు వేరు పీకేయమనడం మంచి వైద్యం కాదు. ఆ ఒక్క సందర్భానికి ముందుగానే ఏర్పాటు చేసుకోవాలి.

పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ మనస్తత్వవేత్త ఈ ఏర్పాట్ల మీద చాలా పరిశోధన చేశారు. "ఇక నుంచి తీపి తగ్గిస్తాను" అన్న సంకల్పం కన్నా, "ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను" అని ముందే అనుకున్న మాట బాగా నిలబడుతుందని ఆయన చూపించారు. ఉదాహరణకు: "స్వీటు వడ్డించేవారు నా విస్తరి దగ్గరకు రాగానే చెయ్యి అడ్డం పెట్టి, పక్కన కూర్చున్న పిల్లవాడికి వెయ్యమంటాను." ఈ మాటను ఇంటి దగ్గరే, బయలుదేరే ముందే అనుకోవాలి. బంతిలో కూర్చున్నాక ఆలోచిస్తే ఆలస్యమైపోతుంది. మా దగ్గరకు వచ్చే ఒకాయన మరో ఉపాయం చేశారు. పెళ్లికి వెళ్లగానే తానే వడ్డనకు దిగిపోతారు. వడ్డించేవాడిని తినమని బలవంతం చేసేవారు ఎవరూ ఉండరు! ఆయన ఉపాయం ఏ పుస్తకంలోదీ కాదు.

మరి ఎలా తెలుసుకోవాలి?

ఒక చిన్న నోటు పుస్తకం తీసుకుని రెండు వారాలు రాయండి. "నేను కోపిష్టిని, బద్ధకస్తుణ్ణి" అని రాయవద్దు. ఏ రోజు, ఏ వేళకు, ఎవరి దగ్గర, ఏం జరిగిందో రాయండి. రాత్రి మాత్ర మరచిపోయిన రోజులన్నీ చుట్టాలు వచ్చిన రోజులే అని తేలవచ్చు. కోపం వచ్చిన రోజులన్నీ మధ్యాహ్న భోజనం ఆలస్యమైన రోజులే అని తేలవచ్చు. అది మీ గుణమో, భోజన సమయమో అప్పుడు తెలుస్తుంది.

తరువాత ఇతరులను అడగండి. ఇంట్లో ఒకరిని, పని దగ్గర ఒకరిని చాలు. "నాలో లోపాలేమిటి?" అని అడిగితే మొహమాటపడి "ఏమీ లేవు" అంటారు, లేదా అదను దొరికిందని పాత కక్షలన్నీ తీస్తారు. చిన్నగా అడగండి: "నా ఆరోగ్యం విషయంలో నేను గమనించకుండా చేస్తున్న పని ఒకటి చెప్పు. నువ్వు ఏ పనికైతే నా మీద పూర్తిగా ఆధారపడతావో అది కూడా ఒకటి చెప్పు." చెప్పాక ఎదురు వాదించవద్దు. ఇదే అన్నిటికన్నా కష్టం. కోడలు "మామయ్యగారూ, మీరు మాత్రలు వేసుకున్నామంటారు గాని ఆదివారం పెట్టెలో అలాగే ఉన్నాయి" అంటే, ఆ పూట ఆమె మీద కోపం తెచ్చుకుంటే, ఇక జన్మలో ఆమె మీకు నిజం చెప్పదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. ఈ పని అందరూ అన్ని వేళలా చేయకూడదు. కొందరు పుస్తకం తెరవగానే బలహీనతల వైపు పేజీలు నిండిపోతాయి, బలాల వైపు ఒక్క మాటా రాదు. "నేను ఎందుకూ పనికిరాను, ఇంటికి బరువు" అని రాస్తారు. రెండు వారాలకు మించి మనసు దిగులుగా ఉండి, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోయి, నిద్ర, ఆకలి తగ్గి ఉంటే, ఆ జాబితా రాసింది వారు కాదు, డిప్రెషన్ అనే జబ్బు. కాన్పు అయిన తల్లుల్లో కూడా దీన్ని చూస్తుంటాము. అప్పుడు ఇంట్లోవారు "మనసు గట్టి చేసుకో" అంటే ఆ జాబితాకు ఇంకొక బలహీనత చేర్చినట్టే అవుతుంది. దీనికి వైద్యం ఉంది, చాలామందికి నయమవుతుంది. పుస్తకం పక్కన పెట్టి డాక్టరు దగ్గరకు తీసుకురండి. రాత్రివేళ ఎవరూ దొరకకపోతే, కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. చనిపోవాలనే మాట వారి నోట వస్తే వారిని ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకురండి.

మొదట చెప్పిన రైతు సంగతికి వస్తాము. గాయం మానాక ఆయనకు మైక్రోసెల్యులర్ రబ్బరుతో మెత్తటి చెప్పులు చేయించాము. పొలంలోనైనా ఇంట్లోనైనా వట్టి కాళ్లతో నడవవద్దని, వేసుకునే ముందు చెప్పులోకి చెయ్యి పెట్టి చూడమని, నీళ్ల వేడిని కాలితో కాక ఇంకొకరి చేత చూపించుకోమని, రోజూ అరికాళ్లు చూసుకోమని చెప్పాము. అన్నిటికీ తల ఊపారు. అద్దం కింద పెట్టి చూసుకోమంటే మాత్రం, కళ్లు సరిగా ఆనడం లేదన్నారు. మరి మీ కాలు ఎవరు చూస్తారు అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. ఒకరి చేత కాలు పట్టించుకోవడం ఆయనకు ఇష్టం లేదు. చివరికి పక్కనే నిలబడి ఉన్న ఆరో తరగతి మనవరాలు, "నేను చూస్తాను తాతయ్యా" అంది.

ఇప్పుడు రోజూ రాత్రి అన్నాలయ్యాక ఆ పిల్ల ఫోను లైటు వేసి తాత అరికాళ్లు చూస్తుంది. మొన్న సంక్రాంతి వెళ్లిన వారంలో ఎడమ కాలి చిటికెన వేలి పక్కన చెప్పు పట్టీ ఒరుసుకుని ఎర్రగా కందిన మచ్చను చూసి, మర్నాడే తీసుకువెళ్లమని ఇంట్లో పట్టు పట్టింది. పట్టీ వదులు చేయించి పంపించాము. చర్మం ఇంకా తెగలేదు. నొప్పి ఉందా అని ఆయనను అలవాటు కొద్దీ అడిగాము. "నన్నెందుకండీ అడుగుతారు, దాన్ని అడగండి" అని మనవరాలి వైపు చూపించారు.